వృద్ధసైనికునికి దారిబత్తెము

పల్లెటూరి కుఱ్ఱవాడు పటాలములో చేరిన దినమున ప్రభుత్వమువారు తుపాకికంటె ముందుగా వాని చేతిలో పెట్టునది రైలు వారంటు. ఆ కాగితమును స్టేషనులో చూపిన చాలును, శిక్షణకేంద్రమునకు టికెట్టు వచ్చును. బదిలీయైనప్పుడు వారంటు, సెలవుమీద ఇంటికి వచ్చునప్పుడు వారంటు. రైలు లేనిచోట లారీ. లారీ యెక్కలేని కొండలకు కంచరగాడిదలు. సియాచిను మంచుగుట్టలమీది ఠాణాలకు బియ్యమును కిరసనాయిలును హెలికాప్టరులమీద మోసికొనిపోవుదురు. ఎక్కడ నిలువుమన్నారో యక్కడికి చేర్చుట దేశముయొక్క పూచీ. ఆ పూచీని దేశమెన్నడును కాదనలేదు. ఇరువది యేండ్లో ఇరువదినాలుగేండ్లో కొలువు చేసిన పిమ్మట ఇంటికి పోవుటకు కడపటి వారంటు నిత్తురు. దానితో ఆ ఖాతా ముగిసినది.

మఱి ముప్పది యేండ్లు గడచును. అతని మోకాలు వంగదు. కన్ను ఆనదు. రక్తపుపోటు, మధుమేహము, మూత్రపిండముల వ్యాధి యొకదాని వెనుక నొకటి వచ్చి చేరును. వైద్యము ప్రభుత్వమువారే యిత్తురు, మందులును వారే యిత్తురు. ఆ వైద్యుని యొద్దకు పోవు దారిమాత్రము వృద్ధుని సొంత వ్యవహారము. శత్రువు నెదుర్కొన పిలిచినప్పుడు బండి పంపిన దేశము వ్యాధి నెదుర్కొనవలసి వచ్చినప్పుడు నీ బండి నీవే చూచుకొనుమనుట న్యాయమా? మాజీ సైనికులు వైద్యశాలకు పోయి వచ్చు ప్రయాణము వైద్యములో భాగమని, దాని భారమును దేశము భరింపవలసినదని మా నిశ్చితాభిప్రాయము.

మొదట జరిగిన మేలు చెప్పి పిదప లోపము చెప్పుట ధర్మము. 2003వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చిన మాజీ సైనికుల భాగస్వామ్య ఆరోగ్యపథకము, అనగా సైనికులందఱు ఇ.సి.హెచ్.ఎస్. అని పిలుచుకొనునది, స్వతంత్ర భారతములో సైనికునికి జరిగిన ఉపకారములలో గొప్పది. అంతకుముందు పింఛను పుచ్చుకొన్న సిపాయికి దండులోని మిలిటరీ ఆసుపత్రియే దిక్కు. అక్కడను కొలువులోనున్నవారి తరువాతనే యతని వంతు. నేడు దేశమంతట నాలుగు వందలకు పైగా పాలీక్లినిక్కులు గలవు. సైనికులును వారి కుటుంబములును కలసి ఏబది లక్షలకు మించిన జనము ఈ పథకము నీడన ఉన్నారు. గూర్ఖా సైనికులకొఱకు నేపాళములో సహితము పాలీక్లినిక్కులు వెలసినవి. ఇంత పెద్ద యేర్పాటు నడుపుట సామాన్యము కాదు. నడుపుచున్న వైద్యులను, విశ్రాంత సైనికాధికారులను మేము మనసార అభినందించుచున్నాము.

అయితే ఇది యెవరి దానమును కాదని పాఠకులు గుర్తుంచుకొనవలెను. 2017 డిసెంబరులో నిర్ణయింపబడిన రేట్ల ప్రకారము సిపాయి మొదలు హవల్దారు వరకు 30,000 రూపాయలు, జూనియరు కమిషన్డు ఆఫీసరులు 67,000 రూపాయలు, ఆఫీసరులు 1,20,000 రూపాయలు ఒక్కమాఱు చందా చెల్లింపవలెను. 1996 జనవరి 1వ తేదీకి ముందు విరమించినవారికిని, యుద్ధములో భర్తను కోల్పోయిన స్త్రీలకును, యుద్ధములో అంగవైకల్యము పొందినవారికిని చందా లేదు. తక్కినవారందఱు రొక్కమిచ్చి హక్కు సంపాదించుకొన్నవారు. భాగస్వామ్యమను మాట పథకము పేరులోనే యున్నది గదా!

పథకము నడచు తీరిది. వ్యాధిగ్రస్తుడు తన కార్డుతో మొదట పాలీక్లినిక్కునకు పోవలెను. అక్కడి వైద్యుడు పరీక్షించి మందు లిచ్చును. అంతకుమించిన చికిత్స కావలసినచో చీటి వ్రాసి, పథకముతో ఒప్పందమున్న ఆసుపత్రికి పంపును. అక్కడ డబ్బు కట్టనక్కఱలేదు. ప్రాణాపాయమైనచో చీటి లేకయే ఆసుపత్రికి పోవచ్చును. కాగితముమీద చూచిన ఇంతకంటె చక్కని యేర్పాటు లేదు. కాని పాలీక్లినిక్కు సాధారణముగా జిల్లాకేంద్రములోనో, దండున్న ఊరిలోనో యుండును. సైనికుడు పుట్టినది అక్కడ కాదు. పశ్చిమగోదావరిలోని మాధవరమునకు ‘మిలిటరీ మాధవరము’ అని పేరు వచ్చినది అక్కడ దండు విడిసినందువలన కాదు. ఆ ఊరినుండి ఇంటింటను సైన్యములో చేరినందువలన. శ్రీకాకుళపు తీరగ్రామములు, గిద్దలూరు వైపు మెట్టపల్లెలు అట్టివే. వానలు కురియని సీమయు, పొలము చాలని కుటుంబమును దేశమునకు సిపాయిల నిచ్చినవి. పని ముగిసిన పిదప వారు మరల ఆ ఊళ్ళకే చేరుకొన్నారు.

మొన్న మా కచేరి వరండాలో ఒక విశ్రాంత హవల్దారు కూర్చుండియుండెను. వయస్సు డెబ్బదియొకటి. శ్రీలంకకు పోయిన శాంతిసేనలో పనిచేసినవాడు. గట్టుతగాదాలో వాయిదా ఉండి వచ్చినాడు. వాయిదా పడినది. ఇంకొక తారీఖు చెప్పగా జేబులోనుండి మడతలుపడిన చీటి తీసి చూచి, ఆ దినము తనకు వీలుపడదనియు, నాడు ఆసుపత్రికి పోవలసియున్నదనియు చెప్పెను. మాటమీద మాటగా వివరము తెలిసినది. ఊరినుండి పాలీక్లినిక్కునకు తొంబది కిలోమీటర్లు. తెల్లవాఱుజామున ఆటో మాటలాడుకొని మెయిన్‌రోడ్డునకు రావలెను; అక్కడినుండి బస్సు; బస్‌స్టాండునుండి మరల ఆటో. మోకాలి నొప్పిచేత ఒంటరిగా బస్సు మెట్టెక్కలేడు. భార్య వెంట రావలెను. పది గంటలకు చేరిన వంతు వచ్చునప్పటికి మధ్యాహ్నమగును. వైద్యుడు చీటి వ్రాసి వేఱొక ఆసుపత్రికి పంపినచో ఆ దినమునకు పని కాదు. రాత్రి సత్రములోనో బంధువుల యింటనో తలదాచుకొని మఱునాడు పోవలెను. “మందులు ఊరికే ఇస్తారు ప్లీడరుగారూ. అవి తెచ్చుకోడానికే పెన్షన్లో సగం అయిపోతుంది” అని ఆయన నవ్వెను. ఆయన ఫిర్యాదు చేయలేదు; సంగతి చెప్పినాడు. గడచిన సంవత్సరము రెండు తారీఖులు తప్పిపోయినవని కూడ చెప్పెను. ఎందుకని మేమడుగగా, ఒకమాఱు కోతలనాడు ఆటో దొరకలేదనియు, ఒకమాఱు చేతిలో డబ్బు లేదనియు బదులిచ్చెను.

ఆ తప్పిపోయిన తారీఖులను గూర్చియే మేమింతగా చెప్పుట. గుండె ఆగినవానిని అందఱును మోసికొనిపోవుదురు. అందుకు 108 బండి కలదు. 2005 ఆగస్టు 15వ తేదీన మన రాష్ట్రములో మొదలైన ఆ బండ్లు లక్షలకొలది ప్రాణములు నిలిపినవి. కాని రక్తపుపోటు మందు అయిపోయినదని 108ని పిలుచువాడు లేడు, పిలిచినను రాదు, రాకూడదు కూడ. కంటిలో పొర ముదురుచున్నది, చక్కెర పెరుగుచున్నది, పుండు మానలేదు. ఇవి యెవరిని పరుగెత్తింపని వ్యాధులు. తారీఖు తప్పిన దినమున ఏమియు జరుగదు. ఆఱు నెలల తరువాత కాలు తీసివేయవలసి వచ్చును, లేదా పక్షవాతము వచ్చును. అప్పుడు 108 వచ్చును, పెద్ద ఆసుపత్రి వచ్చును, లక్షల బిల్లు వచ్చును. ఆ బిల్లును అదే పథకము కిక్కురుమనక చెల్లించును. రెండువందల రూపాయల బండికి లెక్కలో చోటు లేదు. రెండు లక్షల శస్త్రచికిత్సకు చోటు కలదు. ఇది యే షరాబు లెక్కయో మాకు బోధపడదు.

ఇంకొక లెక్క చూడుడు. మూత్రపిండములు పూర్తిగ చెడినవానికి డయాలిసిసు సామాన్యముగా వారమునకు రెండు మూడు మాఱులు కావలెను. మూడైనచో సంవత్సరమునకు 156 దినములు పోయి రావలెను. ప్రతిసారియు నాలుగు గంటలు యంత్రమునకు కట్టుబడియుండి, బయటికి వచ్చునప్పటికి కాళ్ళు తేలిపోవుచుండును. అట్టివాడు నిలువబడి బస్సులో ఎట్లు రాగలడు? శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో మూత్రపిండముల వ్యాధి యెంత ఘోరముగా వ్యాపించియున్నదో పాఠకు లెఱుగుదురు. కారణము నేటికిని తేలలేదు. అక్కడివారు ఏండ్లతరబడి చికిత్సకై విశాఖపట్టణమువరకు పడరాని పాట్లు పడి పోయి వచ్చుచుండిరి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనది. దూరమే సగము వ్యాధియని ప్రభుత్వము స్వయముగా ఒప్పుకొన్నట్లయినది. ఆ సీమ సైన్యమునకు బిడ్డల నిచ్చిన సీమ కూడనని వేఱుగ చెప్పవలెనా?

నియమములలో ప్రయాణమను మాటయే లేదని మేమనము. పాలీక్లినిక్కువారు చికిత్సకై పరస్థలమునకు పంపినప్పుడు కొన్ని షరతులమీద చార్జీలు తిరిగి పుచ్చుకొను మార్గము కలదు. అంబులెన్సులును కొన్నిచోట్ల కలవు. కాని మొదట తాను ఖర్చుపెట్టుకొని, టికెట్లు దాచుకొని, ఫారములు నింపి, సంతకములు చేయించి, నెలలు కాచుకొనుట ఎవరికి సాధ్యము? వృత్తిచేత ఫారములతో కాపురము చేయువారమే అయినను మాకే యవి కొఱుకుడుపడవు. పైగా ఆ మార్గము ఊరినుండి ఊరికి పోవు పెద్ద ప్రయాణమునకు చూపబడినది. వృద్ధుని నలగగొట్టునది ఇంటినుండి పాలీక్లినిక్కువరకు నెలనెలా పోవు చిన్న ప్రయాణము.

ఇట్టి కోరిక మన దేశములో ఎన్నడును ఎఱుగనిదా? కాదు. 2011 జూన్ 1వ తేదీన కేంద్రప్రభుత్వము జననీ శిశు సురక్షా కార్యక్రమమును ప్రారంభించెను. ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రసవించు తల్లికి మందులు, ఆహారము, రక్తము ఉచితముగా ఇచ్చుటతో దానిని రచించినవారు తృప్తిపడలేదు. ఇంటినుండి ఆసుపత్రికి, అక్కడినుండి అవసరమైన పెద్ద ఆసుపత్రికి, తిరిగి ఆసుపత్రినుండి ఇంటికి, ఈ మూడు ప్రయాణములును ఉచితములని స్పష్టముగా వ్రాసిరి. ప్రసవము ఉచితమైనను బండి కూలికి జంకి తల్లులు ఇంటనే కని ప్రాణము మీదికి తెచ్చుకొనుచున్నారని వారు గ్రహించిరి. ఒక్క వాక్యములో వారు నెలకొల్పిన సూత్రము గొప్పది: వైద్యము గుమ్మమునొద్ద మొదలగునుగాని ఆసుపత్రి మెట్టునొద్ద కాదు. తల్లి విషయమున అంగీకరించిన సూత్రము సైనికుని విషయమున ఏల కూడదు?

ప్రయాణమును గౌరవముగా ఇచ్చుటయు మనకు క్రొత్త కాదు. స్వాతంత్ర్యసమరయోధులకు 1972లో కేంద్రప్రభుత్వము పింఛను నేర్పరచినది. వారికి సహచరునితో కూడ రైలులో ఉచితప్రయాణము లభించినది. ఆజాద్ హింద్ ఫౌజు సైనికులును అందులో చేరిరి. పరమవీరచక్ర, మహావీరచక్ర, వీరచక్ర మొదలగు బిరుదులు పొందినవారికి రైల్వేవారు పాసు లిచ్చుచున్నారు. మేలే. కాని బిరుదు వచ్చినవాని ప్రక్క కందకములో నిలిచినవాని మోకాలు కూడ అదే మంచులో గడ్డకట్టినది. వృద్ధులకు రైలులో ఉండిన రాయితీ 2020 మార్చిలో నిలిచిపోయినది. ఇక బస్సుల మాట. తెలంగాణములో 2023 డిసెంబరు 9వ తేదీనుండి, ఆంధ్రప్రదేశములో 2025 ఆగస్టు 15వ తేదీనుండి ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచితప్రయాణము వచ్చినది. దానిని మేము మనఃపూర్వకముగా స్వాగతించినాము. కూలికిపోవు స్త్రీకి, ఆసుపత్రికి పోవు స్త్రీకి అది ఎంత మేలు చేసినదో చూచుచున్నాము. మా హవల్దారుకును దానివలన కొంత లాభమే: తోడువచ్చు భార్యకు సున్న రూపాయల టికెట్టు, రోగియైన ఆయనకుమాత్రము డబ్బుల టికెట్టు. కండక్టరు ఆ రెండు టికెట్లను ఒకేసారి చింపి యిచ్చునప్పుడు ఆయనకు నవ్వు వచ్చునట.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఈ విషయము నలుబదియేండ్లుగా నలుగుచున్నది. వారి సంపద మనకు లేదు. వారి యుద్ధములు మనకు వలదు. కాని వారి యనుభవమునుండి నేర్చుకొనుటకు దోషము లేదు. సైనికులు ఆసుపత్రికి పోవు చార్జీలకు అచటి కేంద్రప్రభుత్వ మిచ్చుచుండిన సహాయము 1987లో పెక్కురికి నిలిచిపోయినది. అప్పుడు గాయపడిన సైనికుల సంఘమొకటి, 1920లో స్థాపితమైన ‘డిసేబుల్డ్ అమెరికన్ వెటరన్స్’ అనునది, పూనుకొని ఒక యేర్పాటు చేసినది. సంఘము చందాలు పోగుచేసి బండ్లు కొని సైనిక ఆసుపత్రులకు దానము చేయును. ఆసుపత్రి వాటికి పెట్రోలు, మరమ్మతు, భీమా చూచుకొనును. నడుపువారు స్వచ్ఛందసేవకులు, జీతము పుచ్చుకొనరు. వారిలో పెక్కురు తామే వృద్ధసైనికులు. ఆసుపత్రిలో కూర్చున్న సమన్వయకర్త ఫోనులో తారీఖు తెలిసికొని, ఏ ఊరినుండి ఎవరిని ఎక్కించుకొనవలెనో నిర్ణయించును. మోటారుకార్ల కంపెనీవారు కూడ బండ్లిచ్చిరి. ప్రజలు బండి ఇచ్చి, ప్రభుత్వము ఇంధనమిచ్చి, సేవకుడు శ్రమనిచ్చిన ఆ పంపకము మాకు మిక్కిలి నచ్చినది.

అయినను అది సర్వము సరిపెట్టలేదు. ఆ బండ్లలో తనంతట తాను ఎక్కి దిగగలవానికే సామాన్యముగా చోటు. చక్రపుకుర్చీలో ఉన్నవాడు, అనగా బండి అందఱికంటె ఎక్కువ కావలసినవాడు, ఇంటనే నిలిచిపోయెను. సేవకుడు దొరకని జిల్లాలో బండి షెడ్డులో నుండును. ఈ లోపములు పూరించుటకు అచటి సైనికసంక్షేమ శాఖవారు 2010లో జీతగాండ్రైన డ్రైవర్లతో చక్రపుకుర్చీ ఎక్కు బండ్లను నడుపనారంభించిరి. రెండేండ్లు చక్కగ నడచినవి. 2012లో ఆ శాఖయొక్క న్యాయవాదులే అడ్డుతగిలి, జీతమిచ్చి డ్రైవర్లను పెట్టుకొను అధికారము శాసనములో లేదనిరి. బండ్లు ఆగినవి. మా వృత్తివారు లోకమంతట ఒక్కటే! చివరకు 2013 జనవరి 10వ తేదీన రాష్ట్రపతి సంతకము చేసిన చట్టముతో అధికారము వచ్చినది. అదియు మొదట ఒక్క యేటికి మాత్రమే. తరువాత మాటిమాటికి పొడిగించుచు వచ్చిరి. దయతో మొదలైన సేవ శాసనమునందు నిలువనిచో ఒక్క అభిప్రాయపత్రముతో ఆగిపోవునని దీనివలన తెలియుచున్నది.

సొంతబండిలో వచ్చువారికి మైలునకు ఇంతయని ఇచ్చు పద్ధతియు అక్కడ కలదు. అది 2008 వరకు 11 సెంట్లుగానే యుండి, ఆ సంవత్సరము రెండుమాఱులు పెరిగి నవంబరులో 41.5 సెంట్లయినది, ఆ పిమ్మట పెట్రోలు ధర ఎన్ని మార్లు పెరిగినను 2024 వరకును అదియే. చదరపుమైలునకు ఏడుగురికంటె తక్కువ జనమున్న జిల్లాలకు ప్రయాణపు ఏర్పాట్లకై ప్రత్యేకముగా ధనసహాయము చేయుచున్నారు. 2018 నాటి చట్టము ననుసరించి ఇంకొక అడుగు వేసిరి: సామాన్యవైద్యుడు సగటున ముప్పది నిమిషముల బండిప్రయాణములోను, నిపుణవైద్యుడు అఱువది నిమిషములలోను సర్కారు ఆసుపత్రియందు దొరకనిచో సైనికుడు ప్రైవేటు వైద్యుని యొద్దకు పోవచ్చును. మన వృద్ధసైనికుని ఒక్క ప్రయాణమును ఈ గడియారముతో కొలిచి చూడుడు.

చట్టము ఏమి చెప్పుచున్నదని పాఠకులు మమ్మడుగుట సహజము. రాజ్యాంగము 21వ అధికరణము జీవించు హక్కు నిచ్చినది. 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి వ్యాజ్యములో సుప్రీముకోర్టువారు ఆ హక్కును ఆసుపత్రి గుమ్మమువరకు నడిపించిరి. రైలునుండి పడి తలకు దెబ్బతగిలిన ఒక వ్యవసాయకూలీని పడకలు లేవని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని వెనుక నొకటి త్రిప్పి పంపిన కేసు అది. సకాలమున చికిత్స అందింపకపోవుట హక్కుభంగమని తీర్పు చెప్పి, 25,000 రూపాయల పరిహార మిప్పించి, ధనము లేదను సాకు చెల్లదనిరి. రోగిని ఒక ఆసుపత్రినుండి వేఱొకదానికి చేర్చు అంబులెన్సు ఏర్పాటును గూర్చియు ఆదేశించిరి. ఇది మనకు అనుకూలము. ప్రతికూలమును దాచుట మా పద్ధతి కాదు. రెండేండ్లకే, 1998లో, రామ్ లుభాయా బగ్గా కేసులో, వైద్యఖర్చుల వాపసునకు ప్రభుత్వము తన శక్తి ననుసరించి హద్దులు పెట్టుకొనవచ్చునని అదే కోర్టువారు చెప్పిరి. కనుక కోర్టుకు పోయి బండి తెచ్చుకొందమనుకొనుట దుస్సాహసము. ఇది చట్టసభలో, బడ్జెటులో సాధింపవలసిన పని. అందుకే ఈ వ్యాసము.

ఆక్షేపణలు మాకు తెలియును. ఫోనులోనే వైద్యుని చూడవచ్చును గదా యని యొకటి. నిజమే, 2021 మే నెలలో రక్షణశాఖవారు సైనికులకు, మాజీ సైనికులకు అట్టి సేవ నారంభించిరి. జ్వరమునకు, మందు మార్పునకు అది పనికివచ్చును. ఫోనులో నెత్తురు తీయరు, దంతము పీకరు, డయాలిసిసు చేయరు. దుర్వినియోగమగునని మఱియొకటి. బండి పంపువాడు పాలీక్లినిక్కు, ఎక్కువాడు కార్డుదారుడు, తారీఖు వారి పుస్తకములోనే యుండును. తారీఖు లేనివానికి బండి రాదు. డెబ్బదియేండ్లవాడు డబ్బు రానిదానికి తొంబది కిలోమీటర్లు కుదుపులు తిని పోవునని భయపడువారు ఒకమాఱు ఆ రోడ్డున పోయి చూడవలెను. ఖర్చును గూర్చి పైన చెప్పియున్నాము.

కావలసినది పెద్ద యంత్రాంగము కాదు. ప్రతి పాలీక్లినిక్కునకు తారీఖుల బండి యొకటి, చక్రపుకుర్చీ ఎక్కగలది, అత్యవసరపు అంబులెన్సుతో కలపక వేఱుగ నుండవలెను. సోమవారము ఈ వైపు మండలములు, మంగళవారము ఆ వైపు మండలములు అని దినములు పంచి, ఆ వైపువారికి ఆ దినమే తారీఖు లియ్యవలెను. ఇప్పుడు ఒకే ఊరివారు ముగ్గురు మూడు దినములు మూడు ఆటోలలో పోవుచున్నారు. బండి పోలేని దూరమునకు పాలీక్లినిక్కు చీటియే ఆర్టీసీ బస్సులో టికెట్టుగా చెల్లవలెను, తోడువచ్చువానికిని చెల్లవలెను. స్త్రీల ప్రయాణమునకు ప్రభుత్వము ఆర్టీసీకి సొమ్ము చెల్లించు పద్ధతి ఉండనే ఉన్నది. దానిలో ఇది యొక చిన్న పద్దు. డయాలిసిసు రోగులను జీతగాండ్రైన డ్రైవర్లే తీసికొనిపోవలెను; ఒక దినము సేవకుడు రాలేదని ఆ చికిత్స ఆగరాదు. ఇదంతయు పథకపు ఉత్తరువులో హక్కుగా వ్రాయబడవలెను.

వీరికంటె దీనస్థితిలో నున్నవారు వేఱొకరు కలరు. కొన్నేండ్లు పనిచేసి పింఛనునకు చాలని కాలములో బయటికి వచ్చినవారిలో పెక్కురకు ఈ పథకమే లేదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయముద్వారా దొరకు కొద్ది సహాయమే వారికి దిక్కు. బండి ఏర్పాటు చేయునప్పుడు వారిని రోడ్డుమీద విడిచి పోవుట తగదు. సైనికుల వితంతువుల సంగతి అట్టిదే. భర్త ఉండగా కాగితములన్నియు అతడే చూచుకొనెను. అతడు పోయిన తరువాత ఏ గదికి పోవలెనో కూడ ఆమెకు తెలియదు. బండితోపాటు చేయిపట్టుకొని తీసికొనిపోవు మనిషి యొకడు కావలెను.

ఇందు పట్టణవాసులకు పని కలదు. మా యౌవనములో మేము ఉద్యమములో సేవకులుగా తిరిగినప్పుడు పల్లెపల్లెకు పోయి జాబితాలు వ్రాసినవారము. ఆ పని ఇప్పటికిని మఱువలేదు. ప్రతి పఠనమందిరమువారును తమ తాలూకాలోని మాజీ సైనికుల పేళ్ళు, వితంతువుల పేళ్ళు, వారు పోవలసిన ఆసుపత్రులు, దూరములు ఒక పుస్తకములో వ్రాసి, జిల్లా సైనిక సంక్షేమాధికారికి ఒక ప్రతి, పార్లమెంటు సభ్యునికి ఒక ప్రతి పంపవలెను. లెక్క లేనిదే బడ్జెటు రాదు. 1949 నుండి డిసెంబరు 7వ తేదీన సాయుధదళముల పతాకదినము జరుగుచున్నది. ఆనాడు చొక్కాకు చిన్న జెండా గుచ్చుకొని డబ్బాలో రూపాయి వేయుదుము. ఈ మాఱు ఆ నిధినుండి మన జిల్లాకు ఒక బండి ఇప్పింపుడని ఆ డబ్బా తెచ్చినవారినే అడుగుదము. కారున్నవారు నెలకొక్క దినము డ్రైవరుగా పేరిచ్చినను చాలును.

మా వరండాలోని హవల్దారు ఎదుటనే వాయిదా తారీఖు మార్పించితిమి. ఆసుపత్రి చీటిమీద వచ్చు నెల మొదటి మంగళవారమని పెన్సిలుతో వ్రాసియున్నది. మా గుమాస్తాది ఆ ప్రక్క ఊరే. ఆ దినము తెల్లవాఱుజామున తన మోటారుసైకిలుమీద ఆయనను మెయిన్‌రోడ్డువరకు దింపెదనని ఒప్పుకొన్నాడు. భార్య వెనుక ఆటోలో వచ్చునట. అక్కడినుండి పాలీక్లినిక్కువరకు ఎట్లు పోవలెనో ఢిల్లీలోని రక్షణశాఖవారును, అమరావతిలోని రవాణాశాఖవారును చెప్పవలసియున్నది.